ముందు మానిటర్, తర్వాతే మిగతావి: లక్షలో గేమింగ్ పీసీ

2024లో మా తమ్ముడు ఇంజినీరింగ్‌లో చేరిన నెలకి నన్ను అడిగింది ఒక్కటే: "అక్కా, నాకు మంచి గేమింగ్ పీసీ కావాలె." నాన్న ఇచ్చినవీ నేను దాచినవీ కలిపితే లక్ష. దసరా ముందు శనివారం కాజీపేటలో రైలెక్కి, సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ విడిభాగాల షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి ఇద్దరం వెళ్లాం. ఏం కొనాలో ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకున్నాం. ఈ పని మీరూ తప్పకుండా చేయండి. రాసుకోకుండా వెళ్తే, షాపులో ఏది మిగిలి ఉంటే అది మన బ్యాగులోకి వస్తుంది.

చాలామంది ప్రాసెసర్‌తో మొదలుపెడతారు. నేను మానిటర్‌తో మొదలుపెట్టమంటాను. 1080పీ తెరలో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు, అంటే రంగు చుక్కలు, ఉంటాయి, 1440పీలో 36.9 లక్షలు. అంటే 1440పీ ఎంచుకున్న రోజే, బొమ్మని గీసే గ్రాఫిక్స్ కార్డు మీద బరువు ముప్పావు వంతు పైగా పెరిగినట్టు. మా వాడు ఎక్కువగా ఆడేది వాలరెంట్ అనే షూటింగ్ గేమ్. దానికి పిక్సెళ్ల సంఖ్య కన్నా తెర వేగం ముఖ్యం. అందుకే 12 వేలలో 24 అంగుళాల 1080పీ, 165 హెర్ట్జ్ (సెకనుకి 165 సార్లు బొమ్మ మారే) మానిటర్ తీసుకున్నాం.

తర్వాత గ్రాఫిక్స్ కార్డు. బడ్జెట్‌లో పెద్ద ముద్ద దీనికే పోవాలి. మేము ఆర్‌టీఎక్స్ 4060కి 30 వేలు పెట్టాం. 115 వాట్లతో నడుస్తుంది కాబట్టి వేడి తక్కువ. దాని లోటు 8 జీబీ మెమరీ. కొత్తగా వచ్చే పెద్ద గేముల్లో టెక్స్చర్లు (వస్తువుల మీద కనిపించే ఉపరితల బొమ్మలు) పూర్తిగా పెంచితే అది చాలడం లేదు. ఇప్పుడు కొనేవాళ్లు 2025లో వచ్చిన ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీలో 16 జీబీ రకం చూడండి. అదే పేరుతో 8 జీబీది కూడా ఉంది, డబ్బా మీద అంకె చదివి తీసుకోండి.

ప్రాసెసర్ రైజెన్ 5 7600: ఆరు కోర్లు, కూలర్ డబ్బాలోనే వస్తుంది. ఇందులో చిన్న గ్రాఫిక్స్ కూడా ఉండటం నాకు నచ్చింది. కార్డు వారంటీకి పంపాల్సి వచ్చినా కాలేజీ పనులు ఆగవు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటికి ఆ సౌకర్యం లేదు. మదర్‌బోర్డు బీ650 రకం తీసుకున్నాం. ప్రాసెసర్ కూర్చునే ఈ ఏఎం5 సాకెట్‌ని 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చని ఆశ.

ర్యామ్ అప్పుడు 32 జీబీ డీడీఆర్5 సుమారు 9 వేలకి దొరికింది. 2025 చివర్లో ఈ ధరలు బాగా పెరిగాయి. అంత పెట్టలేకపోతే 16 జీబీతో మొదలుపెట్టండి, లేదా రైజెన్ 5 5600తో పాత డీడీఆర్4 దారిలో వెళ్లి మిగిలింది కార్డుకి పెట్టండి. కథ ఉన్న పెద్ద గేములు సెకనుకి 60 ఫ్రేముల దగ్గర ఆడేవాళ్లకి ఆ పాత దారి చక్కగా సరిపోతుంది. స్టోరేజీకి 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ) చాలు.

ఇక ఎస్‌ఎంపీఎస్, అంటే పీసీకి కరెంటు అందించే పెట్టె. దీని గురించి నేను గట్టిగానే చెబుతాను. 2017లో నా మొదటి పీసీకి క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌నే వాడాను. వానాకాలంలో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చేసరికి టప్పుమంది, పోతూ పోతూ బోర్డుని కూడా తీసుకుపోయింది. డిగ్రీ ప్రాజెక్టు రెండు వారాలు ఆగిపోయి ఎంత టెన్షన్ పడ్డానో. మా వాడి పీసీ మొత్తం కలిపి 250 వాట్ల చుట్టూ లాగుతుంది, అయినా పేరున్న కంపెనీది, ఐదేళ్ల వారంటీ ఉన్నది 650 వాట్లది తీసుకున్నాం. 80 ప్లస్ బ్రాంజ్ అనే ముద్ర కరెంటు ఎంత వృథా అవుతుందో మాత్రమే చెబుతుంది, లోపలి భాగాల నాణ్యతకి అది హామీ కాదు. గది ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఇంట్లో ఉన్న పాత 600 వీఏ యూపీఎస్ గేమ్ మధ్యలోనే ఆగిపోయింది. దసరా తర్వాత 1000 వీఏది కొన్నాం.

క్యాబినెట్ దగ్గర తమ్ముడు ముందంతా అద్దం, లోపల రంగు లైట్లు ఉన్నదాన్ని పట్టుకుని వదల్లేదు. మే నెలలో హన్మకొండ ఎండ గుర్తుచేసి, ముందు భాగం జాలీ ఉన్నది ఇప్పించాను. గాలి లోపలికి రాకపోతే ఎన్ని ఫ్యాన్లున్నా తిరిగేది వేడి గాలే.

బిల్లు జీఎస్‌టీతో, ప్రతి వస్తువు సీరియల్ నంబరుతో రాయించుకోండి. "షాపు వారంటీ" అంటే వద్దనండి, కంపెనీ వారంటీయే కావాలి.

బిగించాక మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. ఏఎం5 బోర్డు ర్యామ్‌ని సరిచూసుకునే సమయం అది, కంగారుపడి స్విచ్ ఆపకండి. ర్యామ్ స్టిక్కులు ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి. బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెరలో) ఎక్స్‌పో అనే ర్యామ్ వేగం సెట్టింగ్ ఆన్ చేయకపోతే 6000 అని కొన్న ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. మానిటర్ కేబుల్ బోర్డుకి కాదు, గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. చివరగా విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 హెర్ట్జ్‌ని 165కి మార్చండి. మా వాడు మూడు రోజులు 60లోనే ఆడాడు. నాలుగో రోజు నేను మార్చి ఇస్తే, మౌస్ అటూ ఇటూ కదిపి చూసి "అక్కా, ఇది వేరే పీసీ లెక్క ఉన్నది" అన్నాడు.