మీ ఊరి హైస్కూలు చరిత్ర రాయాలంటే

మా ఊరు ఉమ్మడి ప్రకాశం జిల్లాలో, పొదిలికీ కనిగిరికీ మధ్య ఉంటుంది. అక్కడి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోనే చదువుకున్నాను, చివరి పదకొండేళ్లు అక్కడే సోషల్ టీచరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా నాన్న ఆ బడి అటెండరు. వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను ఇనుప కమ్మీతో కొట్టి రోజూ బడిని మొదలుపెట్టేది ఆయనే. పూర్వ విద్యార్థులంతా కలిసి బడి చరిత్రను పుస్తకంగా వేయాలనుకున్నప్పుడు ఆ పని నాకు అప్పగించారు. ఏడాదిన్నర పట్టింది. మన ప్రాంతంలో ఈ పని చేయాలనుకునేవారికి నేను తిరిగిన దారి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

బడికి వెళ్లగానే అందరూ చూపించేది హెడ్మాస్టరు గదిలోని పేర్ల బోర్డు. ఫోటో తీసుకుని దాన్ని పక్కన పెట్టండి. ఎవరెవరు పెద్దలుగా ఉన్నారో అది చెబుతుంది, బడి ఎలా నడిచిందో చెప్పదు. మీరు అడగాల్సింది మొట్టమొదటి అడ్మిషన్ రిజిస్టరు. హెడ్మాస్టరు గారికి ఒక ఉత్తరం రాసి, బడిలోనే కూర్చుని చూస్తామని, బయటికి తీసుకువెళ్లమని మాట ఇవ్వండి. పెన్ను వద్దు, పెన్సిలే పట్టుకువెళ్లండి. వేలు తడి చేసి పేజీ తిప్పవద్దు, చిరిగినచోట టేపు అంటించవద్దు. పాత కాగితానికి టేపు చేసే చేటు చెదపురుగు కూడా చేయదు.

రిజిస్టరులో తండ్రి వృత్తి, స్వగ్రామం, చేరిన తరగతి, మానేసిన తేదీ, కారణం ఉంటాయి. పాతవాటిలో మశూచి టీకా వేశారా అన్న గడి కూడా కనిపించవచ్చు. ఏడాదికి ఒక వరుస గీసుకుని ఎంతమంది మగపిల్లలు, ఎంతమంది ఆడపిల్లలు, ఎన్ని ఊళ్ల నుంచి వచ్చారో లెక్క వేయండి. మా బడి మొదటి రిజిస్టరులో తొలి నలభై పేజీలు తిప్పితే ముగ్గురే ఆడపిల్లలు. ఇద్దరి పేర్ల ఎదుట కారణం గడిలో 'వివాహం' అని ఉంది. అది చూసిన రోజు ఇంకేమీ రాసుకోకుండా ఇంటికి వచ్చేశాను. మరునాడు వెళ్లి, వాళ్లు ఏ ఊరి నుంచి నడిచి వచ్చేవారో రాసుకున్నాను.

పుట్టినతేదీలను నమ్మి ఏ నిర్ణయానికీ రావద్దు. జులై 1న పుట్టినవాళ్లు మీకు పుట్టలుగా దొరుకుతారు. తేదీ తెలియని పిల్లవాడికి అయ్యవారు వేసిన తేదీ అది. ఇంకొక మాట గట్టిగా చెప్పాలి: రిజిస్టరులోని కులం, పుట్టుమచ్చలు, పుట్టినతేదీ ఎవరి పేరుతోనూ అచ్చు వేయకండి. లెక్కలు వేయండి, పేర్లు మాత్రం వాళ్లను లేదా వాళ్ల పిల్లలను అడిగిన తర్వాతే రాయండి.

ఎక్కువమంది దారి తప్పేది జిల్లా దగ్గర. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరి 2న. మొదట ఒంగోలు జిల్లా అన్నారు, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. అంతకు ముందు కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు నెల్లూరు జిల్లావి. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరువి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. అంటే మా బడి పాత కాగితాల కోసం ఒంగోలులో తిరిగితే ఏమీ దొరకదు. నేను నాలుగు నెలలు అలాగే తిరిగాను. ఒక కార్యాలయంలో ముగ్గురు గుమస్తాలు మూడు గదులు చూపించారు. చివరికి ఒక పెద్దాయన, "అమ్మా, మీ బడి పుట్టినప్పుడు మీరు నెల్లూరోళ్లు కదా" అన్నప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను మళ్లీ విడదీసినప్పుడు కందుకూరు నెల్లూరులోకి, అద్దంకి, చీరాల బాపట్లలోకి వెళ్లాయి. అందుకే ముందుగా ఒక కాగితం మీద మీ ఊరు ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఏ తాలూకా, ఏ జిల్లాలో ఉందో రాసుకుని గోడకు అంటించండి. బస్సు ఎక్కేముందు దాన్ని చూడండి.

బడి పేరు కూడా మారుతూ వచ్చింది. 1959 చట్టంతో జిల్లా పరిషత్తులు వచ్చాయి. అంతకు ముందు వాటిని నడిపింది డిస్ట్రిక్ట్ బోర్డు. పెద్దవాళ్లు ఇప్పటికీ 'బోర్డు హైస్కూలు' అనేది అందుకే. తరగతుల లెక్క కూడా వేరు: ఫస్టు ఫారం అంటే ఆరో తరగతి, సిక్స్త్ ఫారం అంటే పదకొండు, దాని చివర ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష. 'ఫోర్త్ ఫారంలో చేరాను' అని ఎవరైనా అంటే నాలుగో తరగతి అని రాయకండి, అది తొమ్మిది.

తేదీ లేని కాగితాలు చాలా దొరుకుతాయి. పైన మద్రాసు ప్రభుత్వం పేరుంటే 1953 అక్టోబరు 1కి ముందుది కావచ్చు. ఆంధ్ర ప్రభుత్వం అని ఉంటే 1956 నవంబరు 1 లోపుది. ఫీజు రసీదులో అణాలుంటే 1957 ఏప్రిల్ 1కి ముందుదని అనుకోవచ్చు. నయాపైసలు వచ్చింది ఆ రోజే. అయితే మాటల్లో అణాలు చాలాకాలం బతికాయి కాబట్టి దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి. పాత ఫారాలు అయిపోయేదాకా వాడుకున్న గుమస్తాలు కూడా ఉంటారు.

బడి ఎప్పుడు పుట్టింది అని అడిగితే మా ఊళ్లో మూడు జవాబులు వచ్చాయి. మూడూ నిజమే. రామాలయం అరుగు మీద పిల్లలను కూర్చోబెట్టిన రోజు ఒకటి, అనుమతి వచ్చిన రోజు ఒకటి, భవనం తెరిచిన రోజు ఒకటి. ఒకదాన్ని ఎంచుకుని మిగతా రెండింటినీ కొట్టివేయకండి, మూడింటినీ పక్కపక్కనే రాయండి.

ఇప్పుడు నేల సంగతి. 'ఫలానా మోతుబరి ఐదెకరాలు దానం చేశాడు' అని గేటు పక్కన చీమకుర్తి నల్లరాతి మీద చెక్కి ఉంటుంది. దాన్ని దస్తావేజుతో సరిచూడండి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రెండు సూచికలుంటాయి: ఇండెక్స్-1 పేర్లను బట్టి, ఇండెక్స్-2 ఆస్తిని బట్టి. ఊరి పేరు, సర్వే నంబరు తెలిస్తే రెండోది, దాత పేరు తెలిస్తే మొదటిది వెతికించి నకలు తీసుకోవచ్చు. పొదిలి, దర్శి వైపు చాలా ఊళ్లు వెంకటగిరి జమీందారీలోవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతనే వాటి భూమి లెక్కలు రైత్వారీలోకి, అంటే రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతిలోకి వచ్చాయి. మీ ఊరు కూడా అలాంటిదైతే పాత సర్వే నంబరూ కొత్త నంబరూ కలవకపోవచ్చు. ఊరి భూమి లెక్కలు రాసే కరణాల వ్యవస్థ 1984లో పోయింది. ఆనాటి కరణం గారి ఇంటివాళ్లు ఉంటే ఒకసారి మర్యాదగా వెళ్లి అడగండి.

మా బడి దస్తావేజులు చూస్తే ఆ పెద్దమనిషి ఇచ్చింది రెండెకరాలు. మిగతా మూడూ నలుగురు చిన్న రైతులవి. పొగాకు అమ్ముడుపోయిన నెలలో ఇంటింటా చందా ఎత్తి వాళ్లకు డబ్బు కట్టారు. ఒక రైతు తన వంతు డబ్బు తీసుకోలేదు. ఆయన పేరు రాతి మీద లేదు. పెద్దమనిషి మనవడికి దస్తావేజు చూపించి ముందే చెప్పాను. ఆయన రెండుసార్లు చదివి, "ఉన్నది ఉన్నట్లు రాయండి టీచరమ్మా, మా తాత ఇచ్చిన రెండూ తక్కువేం కాదు" అన్నారు. ఇలాంటివి అచ్చు వేయడానికి ముందే ఆ ఇంటికి వెళ్లి చెప్పాలి. పుస్తకంలో చూసి తెలుసుకుంటే గాయపడతారు.

కార్యాలయంలో అడిగితే పని కాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. 'మా బడి చరిత్ర అంతా ఇవ్వండి' అని అడగవద్దు. ఒక ఉత్తర్వు, ఒక సంవత్సరం, ఒక ఫైలు అన్నట్లు అడగండి. పాత పత్రికల కోసం 1918 నుంచి నడుస్తున్న వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి వెళ్లండి. తేదీల జాబితా చేతిలో ఉంటేనే వెళ్లండి, లేకపోతే పాత ప్రకటనలు చదువుతూ పొద్దు గడిచిపోతుంది.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు 'ఏ సంవత్సరం' అని అడగకండి. 'ఊరికి కరెంటు వచ్చాకనా, ముందా?', 'పెళ్లయ్యాకనా?', 'కావలి దగ్గర తీరం దాటిన తుఫానుకు ముందా?' అని అడగండి. ఆ తుఫాను 1989 నవంబరులో వచ్చింది, సముద్రం వైపు ఊళ్లవాళ్లకు అది చెరగని గుర్తు. మొదటి ముగ్గురు ఆడపిల్లల్లో ఒకామె కనిగిరిలో కూతురి ఇంట్లో ఉన్నారని తెలిసి వెళ్లాను. "అవ్వా, బడిలో మీకు బాగా గుర్తున్నదేమిటి?" అన్నాను. "దాహం తల్లీ. మగపిల్లలు బావికి వెళ్లేవాళ్లు. మేం ఇంటికి వెళ్లేదాకా తాగేవాళ్లం కాదు" అన్నారు.

సౌకర్యాల గురించి నేను రాసుకున్న అధ్యాయాన్ని ఆ మాట విన్న తర్వాత మొత్తం చింపి మళ్లీ రాశాను. అప్పటిదాకా గదులు పద్నాలుగు, బల్లలు ఇన్ని, కంప్యూటర్లు ఇన్ని అని లెక్క రాసుకున్నాను. ఆ లెక్క యూడైస్ వివరాల్లో, అంటే దేశంలోని బడులన్నిటి నుంచీ ప్రభుత్వం సేకరించే సమాచారంలో ఎలాగూ ఉంటుంది. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ సంఖ్య ఉంటుంది, మన రాష్ట్రానిది 28తో మొదలవుతుంది. మీరు రాయాల్సింది ప్రతి సౌకర్యం గురించీ నాలుగు సంగతులు: ఎప్పుడు వచ్చింది, ఎవరు అడిగితే వచ్చింది, అంతకు ముందు పిల్లలు ఏం చేసేవారు, ఈ రోజు పనిచేస్తోందా.

మన పడమటి మండలాల్లో నీళ్లతో మొదలుపెట్టండి. కనిగిరి ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. బడిలో శుద్ధి యంత్రం ఉందని రాసి వదిలేయకండి. ఫిల్టరు చివరిసారి ఎప్పుడు మార్చారో అడగండి, మధ్యాహ్నం భోజనాల వేళ పిల్లలు ఏ కుళాయి దగ్గర నిలబడుతున్నారో అరగంట నిలబడి చూడండి. ఆడపిల్లల మరుగుదొడ్డి గురించి హెడ్మాస్టరును కాదు, తొమ్మిదో తరగతి పిల్లలను ఒక టీచరమ్మ ద్వారా అడిగించండి. తలుపు గడియ పడుతుందా, బకెట్ ఉందా అని.

ప్రభుత్వ బడులను బాగుచేసే 'మన బడి నాడు–నేడు' పథకం 2019 నవంబరు 14న మన ఒంగోలులోనే మొదలైంది. ఆ పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా జరిగాయి కాబట్టి తీర్మానాల పుస్తకం, బిల్లులు బడిలోనే దొరికే వీలుంది. ముందు, తర్వాత తీసిన ఫోటోలు కూడా అడిగి నకలు తీసుకోండి. బడిలో వండిపెట్టే మధ్యాహ్న భోజనం రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది, హైస్కూలు తరగతులకు తర్వాత వచ్చింది. మీ బడిలో మొదటి బియ్యం బస్తా దిగిన తేదీ స్టాకు రిజిస్టరులో వెతకండి, ఆ రోజు వండిన ఆమె పేరు రాయండి. ఆటస్థలాన్ని టేపుతో కొలవండి. ల్యాబూ గ్రంథాలయమూ ఒక పూట చూస్తే చాలు, తాళం ఎవరి దగ్గర ఉందో అడిగితే సగం సంగతి తెలుస్తుంది.

సిబ్బంది జాబితాలో అటెండర్లను, స్వీపర్లను, రాత్రి కాపలావాళ్లను వదలకండి. వాళ్ల పేర్లు బోర్డు మీద ఉండవు కానీ జీతాల బిల్లుల్లో ఉంటాయి. మా నాన్న పేరు నాకు అక్కడే దొరికింది, ప్రతి నెలా ఆయన వేలిముద్ర పక్కన.

అచ్చు వేయించేటప్పుడు చివర పది ఖాళీ కాగితాలు కుట్టించండి. ఒక ప్రతి హెడ్మాస్టరు గదిలో, ఒకటి పంచాయతీ కార్యాలయంలో, ఒకటి శాఖా గ్రంథాలయంలో ఉంచి, తప్పులుంటే పెన్సిలుతో రాయమని మొదటి పేజీలో చెప్పండి. మా ప్రతిలో ఇప్పటికి నాలుగు కాగితాలు నిండాయి. చివరిది కనిగిరి అవ్వ మనవరాలి దస్తూరీలో ఉంది: మొదటి ముగ్గురిలో మూడో అమ్మాయి మానేయలేదని, ఒంగోలు వెళ్లి చదువు పూర్తిచేసిందని.