వాన సీజన్‌లో వాగు దగ్గరికి వెళ్తున్నారా, ముందు ఇది చదవండి

బెంగళూరులో ఏడాది మొత్తంలో గట్టి వానలు పడేది సెప్టెంబర్, అక్టోబర్‌లోనే, సరిగ్గా అప్పుడే మనోళ్ళంతా వీకెండ్ రాగానే బైకులేసుకుని ఆనేకల్ వైపో కనకపుర రోడ్డు వైపో వాగులు చూడ్డానికి బయల్దేరతారు. వెళ్ళొద్దని చెప్పట్లేదు, నేనూ వెళ్తా, కాకపోతే చూసుకుని వెళ్ళాలి.

ఊరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ పెద్ద నది లేదు, నీళ్ళు ఇక్కణ్ణుంచి కిందికి పోతాయి అంతే. అర్కావతి నంది కొండల్లో పుట్టి సంగమ దగ్గర కావేరిలో కలుస్తుంది, మన పెన్నా పుట్టింది కూడా ఆ కొండల వైపే. చిన్న వాగుని ఇక్కడ హళ్ళ అంటారు, మా అనంతపురంలో వంక అంటాం. ఎండాకాలం చెప్పు తడవకుండా దాటేయొచ్చు, అదే మనల్ని మోసం చేసేది. అడుగునంతా బండ, పైన మట్టి పల్చన, వాన గట్టిగా కొడితే ఇంకేది కొంచెమే, మిగతాదంతా ఒకేసారి వాగులోకి దిగుతుంది.

అందుకే మీ నెత్తిమీద ఎండ ఉందా అని కాదు, వాగు వచ్చే వైపు మబ్బు పట్టిందా అని చూడండి. ఒకసారి మేం బండ మీద కూర్చుని పులిహోర తింటున్నాం, చినుకు కూడా లేదు, తేటగా ఉన్న నీళ్ళు కాస్తా టీ రంగుకి తిరిగాయి, ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి, మాకేం అర్థం కాలేదు. అవతలి గట్టు మీద ఆవులు కాసుకునే పెద్దాయన మేలక్కె బన్ని, మేలక్కె బన్ని అని అరిచాడు, కన్నడలో పైకి రండి అని. డబ్బాలక్కడే వదిలేసి పైకెక్కాం, కాసేపటికి మేం కూర్చున్న బండే కనపళ్ళేదు. రంగు మారినా, చెత్త కొట్టుకొచ్చినా, నీళ్ళ చప్పుడు పెరిగినా ఫొటోలు ఆపేసి గట్టెక్కండి.

నీళ్ళు పారుతున్న చప్టా మీద బండి దించొద్దు. అడుగు లోతు నీళ్ళు చిన్న కారుని పక్కకి నెట్టేస్తాయి, రెండడుగులైతే చాలా కార్లు తేలిపోతాయి. ప్రవాహం వేగం రెండింతలైతే తోసే బలం నాలుగింతలవుతుంది, కాబట్టి మోకాలి లోతే కదా అని దిగకండి, అసలే పాచి పట్టిన బండ.

గట్టు మీద కానుగ, మద్ది చెట్ల కింద ఆకులు పేరుకున్నచోట చెయ్యి పెట్టొద్దు, రక్తపింజర అందులో కలిసిపోతుంది. కాటేస్తే కట్లు కట్టడం, కోయడం ఏమీ వద్దు, కదలకుండా పడుకోబెట్టి 112కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. బన్నేరుఘట్ట అడవి అంచున ఏనుగులు తిరుగుతాయి, చీకటి పడకముందే బయటపడండి.

ఇంకో మాట, ఇది మన కోసం కాదు, వాగు కోసం. కొత్త నీళ్ళు రాగానే చిన్న చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతాయి, వాటికి వల అడ్డం పెట్టకండి. రాళ్ళు తిరగేయొద్దు, తూనీగ పిల్లలు, ఎండ్రకాయలు వాటి కిందే ఉంటాయి. టిఫిన్ డబ్బాలు సబ్బేసి వాగులో కడక్కండి ప్లీజ్, ఇంటికెళ్ళాక కడుక్కోవచ్చు.