తొక్కుతుంటే చైన్ జారుతోందా? మౌంటెన్ బైక్ డ్రైవ్‌ట్రైన్ సమస్యలు - పరిష్కారాలు

విశాఖపట్నంలో మౌంటెన్ బైక్‌ను గట్టిగా వాడేవారికి అన్నిటికంటే ముందు అరిగిపోయేది డ్రైవ్‌ట్రైన్, అంటే పెడల్ బలాన్ని వెనుక చక్రానికి చేర్చే చైన్, పళ్లచక్రాలు, గేర్ల భాగాలు. కైలాసగిరి, సింహాచలం కొండదారులు ఎక్కేటప్పుడు చైన్ మీద పడే లాగుడు, భీమిలి దాకా బీచ్ రోడ్డు పొడవునా వీచే ఉప్పుగాలి, వానాకాలంలో మట్టిబాటల నుంచి చిమ్మే ఎర్రమట్టి, ఈ మూడూ కలిసి దాన్ని తినేస్తాయి. భాగాలు అరిగినప్పుడల్లా ఇంకా ఖరీదైన రకానికి మారితే ఎక్కువ కాలం వస్తాయని చాలామంది అనుకుంటారు. అయితే పై తరగతి భాగాల్లో ధర పెరిగేది చాలావరకు బరువు తగ్గించినందుకే గాని మన్నిక పెంచినందుకు కాదు. అందుచేత ఏ లక్షణం ఎందుకు కనిపిస్తోందో తేల్చుకున్న తరువాతే డబ్బు ఖర్చు పెట్టడం మంచిది.

లక్షణం: ఎక్కుడులో బలంగా తొక్కగానే చైన్ పన్ను దాటి జారుతుంది

నా సైకిల్‌కు కొత్త చైన్ వేయించిన మరునాడే, కైలాసగిరి ఎక్కుడులో లేచి నిలబడి తొక్కుతుండగా చైన్ టప్పున జారి నా మోకాలు హ్యాండిల్‌కు బలంగా తగిలింది. తప్పు కొత్త చైన్‌ది కాదు, పాతదాన్ని నేను చాలా ఆలస్యంగా మార్చాను.

చైన్ సాగిందని అంటాం గాని నిజానికి ఇనుము సాగదు. పిన్ను చుట్టూ తిరిగే లోపలి పలకల అంచులూ పిన్నూ మట్టిరేణువుల వల్ల ఒరుసుకుపోయి, ప్రతి కీలులోనూ కాస్త వదులు ఏర్పడుతుంది. ఆ వదులంతా కలిసి చైన్ పొడవు పెరుగుతుంది. పొడవు పెరిగిన చైన్ క్యాసెట్ (వెనుక చక్రం మీది పళ్లచక్రాల గుత్తి) పళ్లను తనకు తగినట్టు అరగదీసుకుంటుంది. అలా అరిగిన పళ్ల మీద సరైన కొలత గల కొత్త చైన్ కూర్చోలేక, బరువు పడగానే పైకి ఎక్కి జారుతుంది. అరుగుదల ముందుగా కనిపించేది మనం ఎక్కువగా వాడే రెండు మూడు పళ్లచక్రాలలోనే కాబట్టి, ఒకటి రెండు గేర్లలో మాత్రమే జారుతుంటే కారణం ఇదేనని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

దీనికి కొలతే మందు. కొత్త చైన్‌లో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు 12.7 మి.మీ., అంటే సరిగ్గా అర అంగుళం ఉంటుంది. చైన్‌ను బిగువుగా ఉంచి, ఇనుప స్కేలు సున్నా గీతను ఒక పిన్ను మధ్యకు ఆనించితే, దాని తరువాతి 24వ పిన్ను 12 అంగుళాల గీత మీదికి రావాలి. అది సుమారు ఒకటిన్నర మి.మీ. దాటితే అరుగుదల 0.5 శాతానికి వచ్చినట్టు. 11, 12 స్పీడ్ చైన్‌లను అక్కడే మార్చేయాలి. 10 స్పీడ్, అంతకంటే తక్కువ గేర్ల చైన్‌లను 0.75 శాతం వరకు, అంటే సుమారు 2.3 మి.మీ. దాకా వాడుకోవచ్చు. ఒక శాతం దాటనిస్తే చైన్‌తో పాటు క్యాసెట్‌ను కూడా మార్చక తప్పదు. చైన్ ధర క్యాసెట్ ధరలో కొంత భాగమే కాబట్టి, దాన్ని తొందరగా మార్చడమే నిజమైన పొదుపు.

క్యాసెట్ మార్చవలసి వస్తే పళ్లన్నీ ఉక్కువైన రకాన్ని అడగండి. శ్రామ్ సంస్థ ఎన్‌ఎక్స్ ఈగల్ క్యాసెట్ ఇటువంటిదే. బరువు ఎక్కువ, మన్నిక కూడా ఎక్కువే. పెద్ద పళ్లచక్రాలు అల్యూమినియంతో చేసిన ఖరీదైన రకాలలో, నిటారు కొండలు ఎక్కేవారు ఎక్కువగా వాడే ఆ చక్రాలే ముందు పోతాయి. షిమానో 2021లో తెచ్చిన లింక్‌గ్లైడ్ క్యాసెట్ల పళ్లు మందంగా ఉంటాయి. అవి తమ మామూలు క్యాసెట్ల కంటే మూడు రెట్ల వరకు ఎక్కువ మన్నుతాయని ఆ సంస్థే చెబుతోంది. అయితే చక్రాల మధ్య దూరం వేరు కాబట్టి షిఫ్టర్ (హ్యాండిల్ మీది గేరు మీట), డెరైలర్ (చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి జరిపే భాగం) కూడా లింక్‌గ్లైడ్‌వే ఉండాలి. క్యాసెట్ ఒక్కటే కొని పాత షిఫ్టర్‌తో నడపాలని చూస్తే గేర్లు ఎన్నటికీ సరిగా పడవు.

లక్షణం: చైన్ పెడళ్ల దగ్గరి ముందు పళ్లచక్రానికి అతుక్కుని పైకి లాగబడుతుంది, లేదా కుదుపులకు ఊడిపోతుంది

ముందు చక్రం పళ్లను పక్క నుంచి చూడండి. అవి సొరచేప రెక్కలా ఒకవైపు వంగి కొక్కెంలా మారి ఉంటే చైన్‌ను వదలవు; ఆ చక్రాన్ని మార్చవలసిందే. పళ్లు బాగానే ఉండి, తడిమట్టిలో మాత్రమే ఇలా జరిగితే చైన్ కడిగి నూనె వేస్తే చాలు. ముందు ఒకే పళ్లచక్రం ఉన్న సైకిల్‌లో చైన్ ఊడుతుంటే, ఒక పన్ను సన్నగా ఒక పన్ను వెడల్పుగా ఉండే చక్రమూ, క్లచ్ (చైన్ ఊగకుండా పట్టి ఉంచే ఏర్పాటు) ఉన్న డెరైలరూ ఉన్నాయో లేదో చూసుకోవాలి.

కొత్త ముందు చక్రం కొనేటప్పుడు ఉక్కుది దొరికితే తీసుకోండి. అల్యూమినియం దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాలం నిలుస్తుంది. పళ్ల సంఖ్య గురించి కూడా ఆలోచించాలి. ముందు 30, వెనుక 15 పళ్లతో తొక్కినా, ముందు 34, వెనుక 17 పళ్లతో తొక్కినా గేరు ఒక్కటే, కాని రెండవదానిలో చైన్ మీద లాగుడు సుమారు 12 శాతం తగ్గుతుంది, భారాన్ని పంచుకునే పళ్లు కూడా పెరుగుతాయి. ఫ్రేమ్‌లో అంత పెద్ద చక్రానికి చోటుందా, దానితో నిటారు ఎక్కుడు ఎక్కగలమా అన్నవి ముందే చూసుకోవాలి. కొండ మధ్యలో దిగి సైకిల్ నెట్టవలసి వస్తే ఈ పొదుపు వల్ల ప్రయోజనం లేదు.

లక్షణం: గేరు దానంతటదే మారుతుంది, లేదా నొక్కినా ఆలస్యంగా పడుతుంది

సముద్రం ఒడ్డున ఉండేవారు డెరైలర్‌ను అనుమానించే ముందు కేబుల్‌ను చూడాలి. నా సైకిల్‌లో వెనుక డెరైలర్ దగ్గర వంపు తిరిగే చిన్న కేబుల్ తొడుగును విప్పినప్పుడు, లోపలి నుంచి తుప్పునీరు చుక్కలుగా కారింది. స్టెయిన్‌లెస్ తీగ వేసి, ఆ తొడుగును, చివరన నీరు చొరబడని మూతలను మార్చగానే గేర్లు మునుపటిలా పడ్డాయి. కేబుల్ బాగున్నా సమస్య తీరకపోతే, సైకిల్ వెనుక నిలబడి డెరైలర్‌ను తగిలించే హ్యాంగర్ వెనుక చక్రానికి సమాంతరంగా ఉందో లేదో చూడండి. సైకిల్ కుడివైపు పడినప్పుడు ముందు వంగేది అదే. దుకాణంలో కొలమానంతో సరిచేయించవచ్చు, కాని ఒకసారి బాగా వంగినదాన్ని మార్చడమే మేలు.

లక్షణం: రాత్రికి రాత్రే చైన్ ఎర్రబడుతుంది, తిప్పుతుంటే ఒక్కొక్క చోట పట్టేస్తుంది

బీచ్ రోడ్డులో తిరిగి వచ్చాక మంచినీటితో మెల్లగా కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆరిన తరువాతే నూనె వేయాలి. నూనె రోలర్ లోపలికి దిగాక పైనున్నదంతా తుడిచేయాలి. పైన మిగిలిన జిడ్డుకే దుమ్ము పడుతుంది. చైన్ మీద వేలు రాసినప్పుడు నలుపుతో పాటు ఇసుకలా గరగరలాడితే, దాని మీద కొత్త నూనె వేయడం గరుకు పిండిని లోపలికి పంపడమే. కొనేటప్పుడు తుప్పు నిరోధక పూత ఉన్న చైన్‌ను ఎంచుకోవడం మన ఊరికి తగిన పని.

లక్షణం: అన్ని గేర్లలోనూ పెడల్ ఒక్కసారిగా ఖాళీగా తిరుగుతుంది

చైన్ కదులుతూనే ఉన్నా వెనుక చక్రానికి బలం అందకపోతే లోపం ఫ్రీహబ్‌లో (వెనుక చక్రం మధ్యలో క్యాసెట్‌ను మోసే, ఒకవైపు తిప్పితేనే పట్టే భాగం) ఉంది. లోపలి నాలుకలు పాత గ్రీజులో అతుక్కుని లేవకపోవడం దీనికి సాధారణ కారణం. విప్పి శుభ్రం చేయించి, పల్చటి గ్రీజు మాత్రమే కొద్దిగా రాయించండి. అదే సమయంలో క్యాసెట్ కూర్చునే భాగాన్ని కూడా పరిశీలించండి. అల్యూమినియం ఫ్రీహబ్ మీద విడివిడి ఉక్కు చక్రాలు లోతైన గంట్లు పెడతాయి, అప్పుడు క్యాసెట్ ఊడి రావడమే కష్టమవుతుంది. బలంగా తొక్కేవారు ఉక్కు ఫ్రీహబ్ ఉన్న హబ్‌ను గాని, పెద్ద చక్రాలన్నీ ఒకే దిమ్మకు బిగించిన క్యాసెట్‌ను గాని ఎంచుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు క్యాసెట్‌ను పట్టి ఉంచే లాక్‌రింగ్ మీద రాసి ఉండే 40 న్యూటన్ మీటర్ల బిగువును టార్క్ రెంచితోనే ఇప్పించుకోండి.