ఇంగ్లీషు క్రియలు నేర్చుకుందాం – 6వ పాఠం: 'రన్'

పోయిన పాఠంలో 'వాక్' చూశాం కదా, ఈసారి 'రన్'. బళ్లో మనందరికీ రన్ అంటే పరుగెత్తడం అని చెప్పారు. అది నిజమే, కానీ ఆ ఒక్క అర్థమే పెట్టుకుని ఇంగ్లీషు పేపరు చదివితే నాలుగో లైను దగ్గరే ఆగిపోతాం. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు సంపాదకులు ఈ ఒక్క క్రియకే 645 అర్థాలు తేల్చారు. కంగారు పడకండి, రోజూ పనికొచ్చేవి పది పన్నెండు ఉంటాయి, అవి వస్తే చాలు.

ముందు రూపాలు చూద్దాం. రన్, ర్యాన్, రన్. మూడోది మళ్లీ మొదటిదే, 'కమ్, కేమ్, కమ్' లాగా. అందుకే 'హి హ్యాజ్ ర్యాన్' అనకూడదు, 'హి హ్యాజ్ రన్' అనాలి. 'రన్నింగ్' రాసేటప్పుడు ఎన్ రెండుసార్లు వస్తుంది. దీనికి ఇంతకంటే టైమ్ అక్కర్లేదు.

ఇక అసలు సంగతి. తెలుగులో మనం 'నడుస్తోంది', 'నడుపుతున్నారు' అనే చాలా చోట్ల ఇంగ్లీషువాళ్లు రన్ అంటారు. సంక్రాంతికి ఆర్టీసీ స్పెషల్ బస్సులు నడుపుతుంది: 'ఆర్టీసీ రన్స్ స్పెషల్ బసెస్ ఫర్ సంక్రాంతి'. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నడుస్తుంది: 'ద మెట్రో రన్స్ ఫ్రమ్ మియాపూర్ టు ఎల్బీనగర్'. మనకు నడుచు, నడుపు అని రెండు ఉన్నాయి, వాళ్లకు రెండింటికీ రన్ ఒక్కటే సరిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. డ్రైవరు బస్సు నడిపితే అది రన్ కాదు, డ్రైవ్. సంస్థ సర్వీసు నడిపితే రన్, స్టీరింగ్ పట్టుకున్నాయన నడిపితే డ్రైవ్. ఈ తేడా ఒక్కసారి బుర్రకెక్కితే మళ్లీ పోదు.

ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో తయారయ్యే పిల్లలు 'మీ నాన్నగారు ఏం చేస్తారు' అని అడగగానే 'మై ఫాదర్ ఈజ్ డూయింగ్ బిజినెస్' అనేస్తుంటారు. అర్థం కాకపోదు, కానీ వినడానికి అతుకులా ఉంటుంది. 'మై ఫాదర్ రన్స్ ఎ హార్డ్‌వేర్ షాప్ ఇన్ రాణీగంజ్' అనండి, ఎంత హాయిగా ఉందో చూడండి. 'ఈజ్ రన్నింగ్' వద్దు, 'రన్స్' చాలు. ఎప్పుడూ ఉండే పనికి మామూలు వర్తమానకాలమే వాడాలి, 'ఈజ్ రన్నింగ్' అంటే ప్రస్తుతానికి నడిపిస్తున్నారు, రేపు సంగతి తెలియదు అనే ధ్వని వస్తుంది. అమ్మ టిఫిన్ సెంటర్ నడిపినా, కుట్టు మిషన్ పెట్టి టైలరింగ్ షాప్ నడిపినా ఇదే వాక్యం. ధైర్యంగా చెప్పండి.

పారేవి, కారేవి కూడా రన్‌లోకే వస్తాయి. మూసీ నగరం మధ్య నుంచి పారుతుంది: 'ద మూసీ రన్స్ త్రూ ద సిటీ'. జలుబు చేసి ముక్కు కారితే 'మై నోస్ ఈజ్ రన్నింగ్'. కొత్త ఎర్ర చున్నీ తెల్ల చొక్కాతో కలిపి నానబెట్టారనుకోండి, రంగు దిగి చొక్కాకు అంటుకుంటుంది, దాన్ని 'ద కలర్ ర్యాన్' అంటారు. ఎండకు వెలిసిపోవడం మాత్రం 'ఫేడ్'. రెండూ కలిపేయొద్దు.

క్రికెట్ రన్ అందరికీ తెలుసు. కానీ తెలుగులో 'రన్స్ కొట్టాడు' అంటాం కాబట్టి ఇంగ్లీషులో 'హిట్' వచ్చేస్తుంది. 'స్కోర్డ్' అనాలి. మన హైదరాబాదీ లక్ష్మణ్ 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద 281 చేశాడు: 'లక్ష్మణ్ స్కోర్డ్ 281 రన్స్'. ఆ ఇన్నింగ్స్ గురించి చెప్పమంటే నేను పాఠం మర్చిపోతాను, ముందుకు పోదాం.

పక్కన చిన్న మాట చేరితే రన్ అర్థం మారిపోతుంది. పాలు అయిపోయాయి: 'వి హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ మిల్క్'. పాత క్లాస్‌మేట్ కోఠిలో అనుకోకుండా కనబడింది: 'ఐ ర్యాన్ ఇంటూ హర్ ఎట్ కోఠి'. బండి మనిషి మీద నుంచి పోతే 'రన్ ఓవర్'. పంజగుట్ట ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆఫీసుకు మెసేజ్ పెట్టాలంటే 'ఐయామ్ రన్నింగ్ లేట్', రోజూ పనికొచ్చేది ఇదే. ఎన్నికల్లో నిలబడడాన్ని అమెరికాలో 'రన్' అంటారు, బ్రిటన్‌లో మనలాగే 'స్టాండ్'. ఇంకొకటి, రన్నింగ్ బస్ ఎక్కొద్దు అని ఇక్కడ అందరం అంటాం, బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు 'మూవింగ్ బస్' అనండి.

ఇప్పుడు పర్యాయపదాలు. ఏవీ అచ్చంగా సమానం కావు, వేగం, కారణం చూసుకోవాలి. పొద్దున నెక్లెస్ రోడ్డు మీద నింపాదిగా ఒకే వేగంతో పరుగెత్తేవాళ్లు చేసేది 'జాగ్'. వంద మీటర్లు ఉన్న బలమంతా పెట్టి పరుగెత్తితే 'స్ప్రింట్'. 42.195 కిలోమీటర్ల మారథాన్‌కు రన్ అనే అనాలి, ఎవరూ అంత దూరం స్ప్రింట్ చేయలేరు. వాన మొదలవగానే గబుక్కున బస్టాప్ కిందికి దూరడం 'డ్యాష్'. తొందర ముఖ్యమైతే 'రష్', పరుగే ఉండక్కర్లేదు, ఆటోలో వెళ్లినా రష్షే. ప్రాణభయంతో పారిపోవడం 'ఫ్లీ', దాని భూతకాలం 'ఫ్లెడ్'. మలక్‌పేట రేస్‌కోర్సులో గుర్రాలు దౌడు తీసేది 'గ్యాలప్', ఆ గుర్రమే బెదిరి పగ్గం తెంచుకుని పరుగు తీస్తే 'బోల్ట్'.

ఈ వారం పని ఇది. ఈ నాలుగూ ఇంగ్లీషులోకి మార్చి నోట్‌బుక్‌లో రాయండి: మా పిన్ని మెహిదీపట్నంలో హాస్టల్ నడుపుతుంది. గ్యాస్ అయిపోయింది. కాచిగూడ ట్రైన్ లేటుగా నడుస్తోంది. కుక్కను చూసి పిల్లి పారిపోయింది. నాలుగోదానికి రెండు జవాబులు వస్తాయి, రెండూ రాయండి. జవాబులు వచ్చే పాఠంలో ఇస్తాను, దాంతోపాటు 'టర్న్' మొదలుపెడదాం.