కలప వేలంలో కొనేవాళ్లంతా కుమ్మక్కయ్యారా? కనిపెట్టడం ఎలా?

మూడేళ్ల కిందట మా బాబాయి బెంగళూరులో ఇల్లు కట్టుకుంటూ, తలుపులకీ ద్వారబంధాలకీ టేకు కావాలని మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్‌లో నాలుగు కొట్లు తిరిగాడు. ఆ రేట్లు విని బెదిరిపోయి, నేరుగా ప్రభుత్వ వేలంలోనే కొనేద్దాం రారా అని నన్ను వెంటబెట్టుకుని అటవీ శాఖ కలప డిపో ఒకదానికి బయల్దేరాడు (ఏ డిపో అన్నది ఇక్కడ అనవసరం). ధరావతు కట్టి కూర్చున్నాం. ఓ పదిహేను మంది ఉన్నారు, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే, కన్నడ, తెలుగు, తమిళం, ఉర్దూ కలిపి ఒకటే జోకులు. లాట్ (ఒకేసారి వేలం వేసే దుంగల కుప్ప) పిలవగానే ఒకాయన సర్కారీ పాట, అంటే ప్రభుత్వం పెట్టిన మొదటి ధర, మీద ఒక మెట్టు పెంచుతాడు, ఇంకొకాయన ఇంకో మెట్టు, అంతే, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. తర్వాతి లాట్‌కి పాడేవాళ్లు మారతారు, పద్ధతి మాత్రం అదే. మేం ఒక లాట్‌కి చెయ్యెత్తామో లేదో, అప్పటిదాకా ఆవలిస్తున్న ముగ్గురు లేచి కూర్చుని, యార్డు రేటు దాటేదాకా పాడి మమ్మల్ని వదిలించుకున్నారు. బయటికొచ్చాక బాబాయి టీ తాగుతూ "పాట పొద్దున్నే ఈ కొట్టు దగ్గరే అయిపోయిందిరా, లోపల జరిగేవి సంతకాలే" అన్నాడు.

ఆయన కోపం అర్థమైంది. కానీ ఆ ఒక్క రోజు చూసినదాన్నిబట్టి వాళ్లు రింగ్ కట్టారని, అంటే ముందే కుమ్మక్కయ్యారని, ఎవరూ చెప్పలేరు. నాకు పగలంతా ఎక్సెల్‌తోనే పని కాబట్టి, ఇలాంటివి లెక్కల్లో ఎలా పట్టుకుంటారో తర్వాత కొంత చదివాను. ఆసక్తి ఉన్న మామూలు మనిషి కూడా చేయగలిగిన పనే ఇది, ఓపిక ఒక్కటి కావాలి.

ముందు రింగ్ నడిచే తీరు తెలియాలి

ఇక్కడ ప్రభుత్వం అమ్మేది, మనం కొనేది. రోడ్డు టెండర్లలో కుమ్మక్కైతే రేటు పెరుగుతుంది, కలప వేలంలో కుమ్మక్కైతే రేటు పడిపోతుంది, ఇది గుర్తు లేకపోతే మొత్తం లెక్క తిరగబడుతుంది. పది మంది వ్యాపారులు ఒకరి మీద ఒకరు పాడకూడదని లోపాయికారీగా అనుకుంటారు. ఒకడు సర్కారీ పాట దగ్గర్లో లాట్ కొట్టేస్తాడు. మిగిలిన లాభాన్ని పంచుకోవడానికి రెండు మూడు దారులున్నాయి. వంతులు వేసుకోవచ్చు, పాడకుండా కూర్చున్నందుకు తలా ఇంత అని చేతిలో పెట్టొచ్చు, లేదంటే సాయంత్రం తమలో తాము రెండో వేలం పెట్టుకుని అందులో ఎక్కువ పాడినవాడికి దుంగలు ఇచ్చేసి తేడా డబ్బు పంచుకోవచ్చు.

నోటి పాటలో ఇది తేలిగ్గా నిలబడుతుంది. ఎవడైనా మాట తప్పి చెయ్యెత్తితే అక్కడికక్కడే అందరికీ కనిపిస్తుంది, అప్పుడే వాడి మీద పాడి బుద్ధి చెప్పొచ్చు. సీల్డు కవర్లో అయితే మాట తప్పినవాడు లాట్ ఎత్తుకుపోయాక గానీ తెలీదు. అమెరికాలో 1976లో జాతీయ అడవుల చట్టం తెచ్చినప్పుడు కలప అమ్మకాలు సీల్డు కవర్లలోనే జరగాలని పెట్టడానికి ఈ భయం ఒక కారణం. తీరా 1978లో దాన్ని సడలించారు, అది వేరే కథ. మీ డిపోలో నోటి పాటా, సీల్డా, ఈ-వేలమా అన్నది మొట్టమొదట రాసుకోండి.

కాగితాలు తెచ్చుకోండి

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడగొచ్చు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. కర్ణాటకలో ఒక మెలిక ఉంది, అర్జీ ఒకే విషయం మీద ఉండాలి, 150 మాటలు దాటకూడదు. అందుకని కథ చెప్పకండి. ఫలానా డిపోలో గత మూడేళ్ల వేలాలకు లాట్ నంబరు, జాతి, తరగతి, ఘనపరిమాణం, సర్కారీ పాట, ధరావతు కట్టినవాళ్లు ఎంతమంది, ఎవరు ఎంత పాడారు, చివరి ధర, అమ్ముడుపోని లాట్లు, ఇంతే రాయండి. వ్యాపార రహస్యమని పేర్లు ఇవ్వకపోవచ్చు. దానికి ముందే విరుగుడుగా, పేర్లు ఇవ్వలేకపోతే ఒక్కో పాటదారుకు ఒక స్థిరమైన గుర్తు ఇచ్చి వివరాలు ఇవ్వండి అని ఒక వాక్యం చేర్చండి. మనకు కావాల్సింది పేరు కాదు, జనవరిలో ఉన్న మనిషీ జూన్‌లో ఉన్న మనిషీ ఒకరేనా కాదా అన్నదే.

ఓడిపోయిన పాటలు కూడా అడగడం మర్చిపోవద్దు. చాలామంది గెలిచినవాళ్ల జాబితా తెచ్చుకుని సంబరపడతారు, దానివల్ల సగం విషయం కూడా తెలీదు.

ఒకే రకం సరుకుని ఒకే రకంతో పోల్చండి

ఇది విసుగు పని, త్వరగా ముగించేద్దాం. టేకు దుంగ లావు పెరిగేకొద్దీ ఘనమీటరు ధర కూడా పెరుగుతుంది, కాబట్టి చుట్టుకొలత తరగతుల వారీగా విడదీయకుండా సగటు తీస్తే ఏమీ తేలదు. కొలత సూత్రం కూడా చూసుకోండి. మన దగ్గర ఎక్కువగా చుట్టుకొలతలో నాలుగో వంతుని వర్గం చేసి పొడవుతో గుణిస్తారు. 120 సెంటీమీటర్ల చుట్టుకొలత, 3 మీటర్ల పొడవు ఉన్న దుంగకి అలా లెక్కేస్తే 0.27 ఘనమీటర్లు వస్తుంది, గుండ్రటి దుంగ అసలు పరిమాణం 0.34 పైనే. యార్డువాళ్లు ఘనపుటడుగుల్లో చెప్తారు, ఒక ఘనమీటరుకి 35.3 ఘనపుటడుగులు. ఇక్కడ పొరపాటు చేస్తే లేని కుమ్మక్కు కనిపిస్తుంది. పన్నులు కలిపిన ధరా, కలపని ధరా అన్నది కూడా అంతే.

బయటివాడు వచ్చిన రోజు చూడండి

నన్నడిగితే అన్నిటికంటే పనికొచ్చే పరీక్ష ఇదే. మా బాబాయి లాంటి కొత్త మనిషి పాడిన లాట్లనీ, ఎప్పుడూ వచ్చేవాళ్లే ఉన్న లాట్లనీ రెండు కుప్పలుగా వేయండి. ఒక్కో లాట్‌కి చివరి ధరని సర్కారీ పాటతో భాగించండి. ఉదాహరణకు (ఈ అంకెలు నేను కల్పించినవి) పాతవాళ్లే ఉన్నప్పుడు ఈ నిష్పత్తి 1.02 దగ్గర తిరుగుతూ, కొత్తవాడు చెయ్యెత్తినప్పుడల్లా 1.25కి ఎగిరిందనుకోండి. ఒక మనిషి ఎక్కువైతే ధర కొంచెం పెరగడం మామూలే, అందులో తప్పేం లేదు. ఆ పెరుగుదలలో పాతవాళ్ల వాటా ఎంత అన్నది చూడండి. పాత పదిహేను మందిలో ముగ్గురు ఆ రోజు 1.24 దాకా పాడారంటే, అదే రకం దుంగకి అంత ఇవ్వడానికి వాళ్ల దగ్గర స్తోమతూ ఉంది, అవసరమూ ఉంది. మరి ముందు నెల అలాంటి లాటే 1.02కి పోతుంటే ఆ ముగ్గురూ నోరెందుకు మెదపలేదు?

ఒకసారి కాదు, కనీసం పదీ పన్నెండు సందర్భాలైనా కావాలి. పైగా కొత్తవాళ్లు మంచి లాట్లకే వస్తారు కదా అని ఎవరైనా అడ్డుకుంటారు, ఆ మాట సబబే. అందుకే పై పని, తరగతులు విడదీయడం, ముందే చేయమన్నది.

వంతులూ మౌనాలూ

తర్వాత ఒక గళ్ల పట్టిక గీయండి, అడ్డంగా పాటదారులు, నిలువుగా మళ్లీ వాళ్లే. ఎవరు ఎవరి మీద ఎన్నిసార్లు పాడారో ఆ గడిలో వేయండి. ఇద్దరూ టేకే కొంటారు, ఇద్దరూ ప్రతి వేలానికీ ధరావతు కడతారు, కానీ మూడేళ్లలో ఒకరి మీద ఒకరు ఒక్కసారి కూడా పాడలేదంటే ఆ గడి మీద ఎర్ర గుర్తు పెట్టండి. ధరావతు కట్టి, బండి పెట్రోలు పోసుకుని వచ్చి, రోజంతా నోరు తెరవని మనిషి ఎందుకొస్తున్నట్టు?

గెలుపుల వరస కూడా చూడండి. ముగ్గురు సమ ఉజ్జీలు మూడు లాట్లు తలా ఒకటి కొట్టారు, తర్వాతి మూడూ అదే వరసలో కొట్టారు అనుకుంటే, అలా ఊరికే జరగడానికి అవకాశం 27లో ఒక వంతు. మూడో రౌండూ అలాగే వస్తే 729లో ఒక వంతు. అయితే తెలివైన రింగ్ ఇంత శుభ్రంగా వంతులు వేసుకోదు. లాట్ల లెక్క కాకుండా ఏడాది చివర ఘనమీటర్ల వాటా చూస్తే ఒక్కోసారి బయటపడుతుంది, ప్రతి సంవత్సరం దాదాపు అదే వాటా.

సీల్డు కవర్లయితే ధరల మధ్య ఎడం చూడండి. స్విట్జర్లాండ్‌లోని తిచీనో ప్రాంతంలో 1999 నుంచి 2005 దాకా తారు రోడ్ల కాంట్రాక్టర్లు కుమ్మక్కై నడిచారు. ఆ రోజుల్లో టెండర్ల మధ్య తేడా బాగా కుంచించుకుపోయి, కుమ్మక్కు చెదిరాక మళ్లీ పెరిగింది. ఈ-వేలమైతే ఒకే కంప్యూటర్ చిరునామా నుంచి ఇద్దరు పాడటం, వరస నంబర్లతో ధరావతు డీడీలు ఉండటం లాంటివి పెద్ద ఆధారాలు, కానీ అవి అధికారులకే కనిపిస్తాయి. మీరు అనుమానం రాసేటప్పుడు ఫలానాది సరిచూడండి అని అడగడమే.

అమ్ముడుపోని లాట్ల సంగతి అందరూ వదిలేస్తారు. అందరూ చేతులు కట్టుకుని కూర్చుంటే లాట్ మిగిలిపోతుంది, తర్వాతి వేలంలో సర్కారీ పాట తగ్గుతుంది, అప్పుడు మొదటిసారి మౌనంగా ఉన్నవాడే దాన్ని ఎగరేసుకుపోతాడు. ఆ లాట్ నంబర్ల వెంట పడండి.

దుంగ ఎక్కడికెళ్లింది?

కలపకి ఒక సుగుణం ఉంది, మిగతా వేలం సరుకులకి అది తక్కువ. డిపో దుంగ మీద నంబరూ సుత్తి ముద్రా ఉంటాయి, రవాణా పర్మిట్ లేకుండా లారీ కదలదు, పర్మిట్‌లో ఎక్కడికి వెళ్తోందో ఉంటుంది. లాట్ పాడినది ఒకరు, దుంగలు మాత్రం అదే రోజు పక్కన కూర్చుని నోరు మెదపని ఇంకొకరి సామిల్లుకి చేరాయి, ఇది పదే పదే జరిగింది అంటే, నేను చెప్పిన సాయంత్రం రెండో వేలం గుర్తుకు రావాలి. ఒకసారి జరిగితే మామూలు అమ్మకమే, వ్యాపారులు ఒకరికొకరు అమ్ముకుంటూనే ఉంటారు.

నేరం లేని కారణాలు ముందు వెతకండి

అటవీ శాఖ ఒకే నెలలో సరుకు ఎక్కువ దింపితే ధరలు వాటంతటవే పడతాయి. 1970ల చివర అమెరికా వాయవ్య రాష్ట్రాల కలప వేలాల లెక్కలు పట్టుకున్న ఆర్థికవేత్తలకి ఎదురైన చిక్కు ఇదే, రెండు కారణాలనీ పక్కపక్కన పెట్టి చూశాకే కుమ్మక్కు వైపు మొగ్గారు. మీరూ ఆ నెల మొత్తం ఎన్ని ఘనమీటర్లు వేలానికి వచ్చాయో ఒక గడి పెట్టుకోండి. దూరం కూడా చూడండి, లారీ కిరాయి గిట్టక పాడనివాళ్లుంటారు. ఇద్దరు చిన్న వడ్రంగులు అందరికీ తెలిసేలా డబ్బు కలిపి ఒక లాట్ కొంటే అది రింగ్ కాదు.

కోర్టులు కూడా ధరలు ఒకేలా ఉన్నాయన్న ఒక్క మాటతో ఆగవు. 2009లో గోదాముల పురుగు మందు మాత్రల టెండర్‌లో మూడు కంపెనీలూ కిలోకి సరిగ్గా 388 రూపాయలే వేస్తే, అది కుమ్మక్కేనని 2017లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అదే కోర్టు 2018లో గ్యాస్ సిలిండర్ల తయారీదారుల మీద వేసిన జరిమానాలు కొట్టేసింది. కొనేవాళ్లు ముగ్గురే ఉన్న ఆ మార్కెట్లో ధరలు దగ్గరగా రావడానికి వేరే కారణాలున్నాయంది.

ఎవరికి రాయాలి

ముందు వేలం పెట్టిన అధికారి పైఅధికారికి, పట్టికతో సహా. తర్వాత వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా చూసే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకి, దాని దక్షిణాది ప్రాంతీయ కార్యాలయం చెన్నైలో ఉంది. 2002 నాటి కాంపిటీషన్ చట్టంలో మూడో సెక్షన్ కింద వేలంలో కుమ్మక్కు అని తేలితే పోటీకి హాని జరిగినట్టే భావిస్తారు, కాదని చూపించే బరువు వాళ్ల మీదే పడుతుంది. జరిమానా కుమ్మక్కు సాగిన ప్రతి ఏడాదికీ లాభానికి మూడు రెట్ల దాకా, లేదా టర్నోవర్‌లో పది శాతం దాకా, ఏది ఎక్కువైతే అది. సంఘటన జరిగిన మూడేళ్లలోపు వెళ్లాలి. రింగ్‌లోనే ఉన్నవాడు ముందుగా వచ్చి మొత్తం విప్పితే అతని జరిమానా పూర్తిగా మాఫీ కావచ్చు, అందుకే ఒకసారి కదలిక మొదలైతే లోపలివాళ్లకే నిద్ర పట్టదు. మీ పేరు బయటపెట్టొద్దని అడగొచ్చు.

వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఎవరి పేరూ పెట్టకండి. పరువు నష్టం కేసు సంగతి అటుంచి, రింగ్ కట్టినవాళ్లు జాగ్రత్తపడి తర్వాతి వేలంలో కావాలనే నాలుగు మెట్లు ఎక్కువ పాడతారు, మీ పట్టిక చెడిపోతుంది.