మన క్యాంపస్ గ్రీన్ గైడ్‌లో (పర్యావరణం కోసం అందరం కలిసి రాసుకునేది) రాయాలంటే
ముందు సెర్చ్ కొట్టండి ప్లీజ్, తడి చెత్త పొడి చెత్త గురించి ఇప్పటికే ముగ్గురు రాసేశారు. ఊరికే "కరెంటు ఆదా చేయండి" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు, పాత సీలింగ్ ఫ్యాన్ దాదాపు 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుది) అయితే 30 అటూఇటూ, రోజుకి 12 గంటలు తిరిగితే సుమారు అర యూనిట్ మిగులుతుంది, ఇదిగో ఇలా లెక్కతో రాయండి.

పాత బ్యాటరీలు ఎక్కడ వేయాలో రాస్తుంటే మాత్రం బ్లాక్, ఫ్లోర్, టైమింగ్స్‌తో పాటు మీరు చూసొచ్చిన తేదీ కూడా పెట్టాలి, ఎందుకంటే డబ్బా తీసేసినా గైడ్‌లో అలాగే ఉండిపోయి నేను ఓసారి సంచి మోసుకుని వెళ్లి ఉత్తినే తిరిగొచ్చా (ఎండలో!). వేరేవాళ్లు రాసింది తప్పనిపిస్తే డిలీట్ చేసేయకుండా పక్కన నోట్ పెట్టి రెండ్రోజులు ఆగండి. మెస్ అక్కల ఫోటోలు అడక్కుండా పెట్టొద్దు.