ఔషధ సమాచార యాప్‌తో ఎఫ్‌ఎంజీఈకి ఫార్మకాలజీ చదవడం ఎలా?

విదేశాల్లో ఎంబీబీఎస్ పూర్తిచేసి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని సొంత ఊళ్లకు తిరిగివచ్చిన విద్యార్థులు ఇక్కడ వైద్యులుగా నమోదు కావాలంటే ముందుగా ఎఫ్‌ఎంజీఈ (విదేశీ వైద్య పట్టభద్రుల అర్హత పరీక్ష) గట్టెక్కాలి. సాధారణంగా ఏటా జూన్, డిసెంబరు నెలల్లో జరిగే ఈ పరీక్షలో 300 ప్రశ్నలుంటాయి. 150 మార్కులు వస్తే ఉత్తీర్ణులైనట్టే. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) పేరుతో నేరుగా వచ్చే ప్రశ్నలు తక్కువే అయినా, మందుల మీద పట్టు లేకపోతే మెడిసిన్, పిల్లల వైద్యం, ప్రసూతి విభాగాల్లోనూ మార్కులు జారిపోతాయి. ఆ పట్టు సంపాదించడానికి ఔషధ సమాచార యాప్ ఎంతో ఉపయోగపడుతుంది. కాకపోతే అది వైద్యం చేస్తున్నవారు అప్పటికప్పుడు చూసుకోవడానికి తయారైనది కనుక, పాఠ్యపుస్తకంలా వరుసగా చదువుకుంటూ పోతే ఏమీ గుర్తుండదు. ఒక రోగిని, ఒక ప్రశ్నను మనసులో పెట్టుకొని తెరిచినప్పుడే అది చదువుకు పనికివస్తుంది.

మొదటి మెట్టు: యాప్‌తోపాటు మన దేశపు ప్రమాణాన్నీ దగ్గర ఉంచుకోండి

ఇలాంటి ఔషధ సమాచార యాప్‌లలో ఒకటైన మెడ్‌స్కేప్ ఉచితం. ఖాతా తెరిస్తే చాలు. మందుల సమాచారాన్ని ముందే దింపుకొనే సౌకర్యం ఉంది కాబట్టి సిగ్నల్ సరిగా అందని ఊళ్లలోనూ ఇబ్బంది ఉండదు. అయితే అది అమెరికా పద్ధతిలో రాసినది. మన పారాసిటమాల్ అక్కడ అసిటమినోఫెన్, సాల్బుటమాల్ ఆల్బ్యుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్. పేర్ల తేడా ఒక రోజులో అలవాటైపోతుంది గాని, చికిత్సా విధానంలో ఉండే తేడా మార్కులు పోగొడుతుంది. క్షయకు మన జాతీయ కార్యక్రమంలో మొదటి రెండు నెలలు నాలుగు మందులు, ఆపై నాలుగు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ ఇస్తారు. అమెరికా విధానంలో ఆ నాలుగు నెలలూ మామూలుగా ఇథాంబుటాల్ ఉండదు. అందుకే భారతీయ ఫార్మకోపియా కమిషన్ ప్రచురించే జాతీయ ఫార్ములరీని (మందుల వాడకాన్ని వివరించే పుస్తకం), జాతీయ కార్యక్రమాల మార్గదర్శకాలను పక్కన పెట్టుకోవాలి. రెండూ విభేదించిన చోట మన దేశపు మాటే జవాబుగా తీసుకోవాలి.

రెండో మెట్టు: హద్దు గీసుకోండి

యాప్‌లో వేల మందులుంటాయి. 2022 నాటి జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నవి 384. మొదటి విడతకు ఆ జాబితా చాలు.

మూడో మెట్టు: ముందు జవాబు రాయండి, తర్వాత పేజీ తెరవండి

ఈ మెట్టుకే ఎక్కువ సమయం ఇవ్వాలి. మన ప్రాంతానికే చెందిన ఒక ఊహాత్మక రోగిని తీసుకుందాం. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో చాలామందికి మధుమేహం, రక్తపోటు లేకుండానే మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. అలాంటి చోట మధుమేహం కూడా తోడైన యాభై ఏళ్ల జీడితోట కూలీ వచ్చాడనుకోండి. మెట్‌ఫార్మిన్ వాడుతున్నాడు, మోకాళ్ల నొప్పులకు దుకాణంలో కొన్న డైక్లోఫినాక్ మింగుతున్నాడు, ఈజీఎఫ్‌ఆర్ (మూత్రపిండాలు రక్తాన్ని వడపోసే సామర్థ్యపు కొలత) 28 ఉంది. ఏ మందు ఆపాలి, ఎందుకు, దాని బదులు ఏది ఇవ్వాలి అన్నది ముందుగా కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు మెట్‌ఫార్మిన్ పేజీ తెరిస్తే ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తక్కువైతే వాడకూడదని, 30 నుంచి 45 మధ్య ఉంటే కొత్తగా మొదలుపెట్టవద్దని కనిపిస్తుంది. అంతటితో ఆగకుండా శరీరం ఆ మందును ఎలా బయటికి పంపుతుందో చెప్పే భాగానికి వెళ్లండి. మెట్‌ఫార్మిన్ మార్పు చెందకుండా మూత్రపిండాల ద్వారానే పోతుంది. అవి పనిచేయకపోతే ఒంట్లో పేరుకుపోయి లాక్టిక్ అసిడోసిస్ (రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగిపోవడం) ప్రమాదం తెస్తుంది. కారణం తెలిసిన అంకె మరచిపోవడం కష్టం. తర్వాత మధుమేహానికే వాడే సిటాగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్ పేజీలను పక్కపక్కన చూడండి: ఇదే రోగికి సిటాగ్లిప్టిన్ మోతాదు 100 మిల్లీగ్రాముల నుంచి 25కు తగ్గించాలి, లినాగ్లిప్టిన్‌ను మార్చనక్కరలేదు. డైక్లోఫినాక్ హెచ్చరికల్లో మూత్రపిండాలకు రక్తప్రసరణ తగ్గుతుందన్న మాట కనిపిస్తుంది. ఒక్క రోగితో నాలుగు మందులు, అదీ పరస్పర సంబంధంతో, వచ్చేస్తాయి.

నాలుగో మెట్టు: పేజీని పరీక్షకు తగిన వరుసలో చదవండి

యాప్ మోతాదును ముందు చూపిస్తుంది, ఎందుకంటే వైద్యుడికి ముందు కావలసింది అదే. విద్యార్థి మాత్రం మందు పనిచేసే తీరు, వాడకూడని సందర్భాలు, ఆ మందుకే ప్రత్యేకమైన దుష్ఫలితం, ఆ తర్వాతే మోతాదు చూడాలి. దుష్ఫలితాల జాబితాలో ఉండే వికారం, తలనొప్పి వంటివాటిని వదిలేయవచ్చు. ఇథాంబుటాల్ అంటే చూపు, ఐసోనియాజిడ్ అంటే నరాలు, కాలేయం గుర్తుకురావాలి.

మోతాదుల్లో కంఠస్థం చేయవలసినవి అత్యవసర చికిత్సకు సంబంధించినవే. అనాఫిలాక్సిస్‌లో (ప్రాణాపాయం తెచ్చే తీవ్ర అలర్జీ) పెద్దవారికి అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు కండరంలోకి ఇవ్వాలి. గుర్రపువాతానికి (ఎక్లాంప్సియా, గర్భిణులకు వచ్చే మూర్ఛ) ప్రిచర్డ్ పద్ధతిలో మెగ్నీషియం సల్ఫేట్ మొదట 4 గ్రాములు సిరలోకి, ఒక్కో పిరుదులో 5 గ్రాముల చొప్పున 10 గ్రాములు కండరంలోకి, ఆపై నాలుగు గంటలకోసారి 5 గ్రాములు ఇస్తారు. ప్రతిసారీ మోకాలి రిఫ్లెక్స్, శ్వాస, మూత్రం పరిమాణం ఎందుకు చూస్తారో కూడా అదే పేజీలో తెలుస్తుంది. దీని విరుగుడు కాల్షియం గ్లూకోనేట్.

ఐదో మెట్టు: మందుల మధ్య పొసగని జతలను వెతకండి

యాప్‌లో మందుల జతలను పోల్చి చూపే ఇంటరాక్షన్ చెకర్‌లో, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్‌కు ఒకసారి మెట్రోనిడజోల్‌ను, మరోసారి రిఫాంపిసిన్‌ను జతచేసి చూడండి. మొదటిది ఐఎన్‌ఆర్‌ను (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయపు కొలత) పెంచుతుంది, రెండోది తగ్గిస్తుంది. ఫలితం తెరపై కనిపించకముందే పెరుగుతుందో తగ్గుతుందో మీరు చెప్పగలగాలి.

ఇంట్లో డాక్టరు చదువు చదివినవారున్నారని తెలిస్తే ఇరుగుపొరుగువారు మందుచీటీలు పట్టుకొస్తారు. వాటిలోని పేర్లను యాప్‌లో చూసి నేర్చుకోవడం మంచిదే. కానీ రిజిస్ట్రేషన్ రాకముందు ఎవరి మందునూ ఆపమనడం, మార్చమనడం తగదు. అనుమానం కలిగితే రాసిన వైద్యుడి దగ్గరికే తిరిగి వెళ్లమని చెప్పాలి.

ఆరో మెట్టు: యాప్ మూసి చూసుకోండి

పరీక్ష గదిలోకి ఫోన్ రాదు. వారానికోసారి జాబితాలోని ఒక తరగతి మందుల పేర్లు మాత్రమే తెల్లకాగితం మీద రాసి, వాటి ఎదుట గుర్తున్నదంతా నింపండి. తప్పినవాటి పేజీలే తెరిచి, ఆ వాక్యాన్ని మీ మాటల్లో నోటు పుస్తకంలో రాసుకోండి. ఆఖరి వారంలో కొత్త మందు ఏదీ తెరవకుండా ఆ నోటు పుస్తకాన్నే తిరగేయండి.